ఎర్ర అంచు పత్రం, ఆడి నెల వారం

2006వ సంవత్సరం మార్చి నెల, మూడో బుధవారం, పగలు పదకొండుంబావు. పుదుచ్చేరిలో ముదలియార్‌పేట, సైకిల్ షాపు మేడ మీద నా ఆఫీసు గది. ఆ గదిలో ఆ నిమిషాన ఒక కాగితాన్ని మొట్టమొదటిసారి ఒకరు పైకి చదివారు. అంతకు ముందు ఇరవై రోజులు అది నా చేతిలోనే ఉంది. అటు తిప్పాను, ఇటు తిప్పాను, ప్లాస్టిక్ కవర్లో పెట్టి పదిలంగా దాచాను. చదవలేదు. నాకు చదువు రాదు.

అప్పటికి నా వయసు యాభై ఆరు. అంకెలు వచ్చు. బస్సు నంబరు, ఫోను నంబరు, ధర, ఇవన్నీ చూసి చెప్పగలను. అక్షరం మాత్రం ఏ భాషలోనూ తెలియదు. ఆ తరవాత నేర్చుకున్నాను. ఇది నా చేత్తో నేను రాస్తున్నది. తప్పులుంటే దిద్దుకోండి, మాట మాత్రం మార్చకండి.

విల్లియనూరులో మా చుట్టాల పిల్లలిద్దరు ఈ మధ్య బ్రోకరు ఆఫీసు తెరిచారు. "పెదనాయనా, నీ అనుభవం చెప్పు" అన్నారు. చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు, అందుకని రాస్తున్నాను. మా వాళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే గాని చదవగలిగినవాళ్ళు తక్కువ. చదవలేనివాళ్ళు ఎవరి చేతనైనా చదివించుకోండి. అందులో సిగ్గు లేదు, నేను యాభై ఆరేళ్ళు అట్లాగే బతికాను. చదివే మనిషిని మాత్రం చూసి ఎంచుకోండి. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

నేను అమ్మిన సరుకు

మొదట నేను ఇళ్ళ బ్రోకర్ని. జంబులింగం అనే పెద్దాయన కింద పదేళ్ళు పనిచేశాను. ఆయన్ని అందరం మొదలాళి అనేవాళ్ళం, యజమాని అని. ఒక తెల్ల అంబాసిడరు, ఒక నల్ల గొడుగు, నోటి నిండా తమలపాకు. పనిలో చేరిన రోజునే నాకు చదువు రాదని చెప్పేశాను. ఆయన మాట్లాడేది తమిళం, నేను నా తెలుగులో రాస్తున్నాను. "చదువుకున్నోడు కాగితం చూస్తాడు. నువ్వు మొగం చూడు. మొగం అబద్ధం చెప్పదు" అన్నాడు.

ఆ మాట నాకు బెల్లంలా ఉండింది. నేర్చుకోవాల్సిన కష్టం తప్పిపోయింది కదా. మొదలాళి చాలా విషయాల్లో గట్టివాడు. ఇల్లు చూపించేటప్పుడు ముందు బావి చూపించమనేవాడు, ఎండలో చూపించమనేవాడు, పక్కింటివాడి కుక్కను కూడా చూపించమనేవాడు. అవన్నీ నిజాలు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన తప్పు. మొగం అబద్ధం చెప్పకపోవచ్చు. చెప్పకుండా ఊరుకునేది ఎంతో ఉంటుంది.

తొంభై ఐదు దాటాక మా ఊరికి కొత్త సరుకు వచ్చింది. కంపెనీవాళ్ళు పెద్ద హోటల్లో మీటింగు పెట్టేవాళ్ళు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసి వస్తేనే లోపలికి రానిచ్చేవాళ్ళు. భోజనం పెట్టి, చేతిలో ఒక గిఫ్టు పెట్టి, కొండమీద కాటేజీల ఫోటోలు చూపించేవాళ్ళు. అమ్మేది కాటేజీ కాదు. ఆ కాటేజీలో ఏడాదికి ఒక వారం. ఇరవై ఐదేళ్ళు ప్రతి ఏడూ ఆ వారం నీది. మెంబర్‌షిప్పు అంటారు. ఆ ఏసీ చలిలో, ఆ ఐస్‌క్రీములో, సంతకం పెట్టకుండా బయటికి వచ్చినవాణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను. వాడికి ఆ పూట విరేచనాలు.

ఇంటికొచ్చి నాలుగేళ్ళు గడిచాక కొందరికి ఆ కొండ విసుగొస్తుంది. కొందరికి మోకాళ్ళు నొప్పి. కొందరికి మొదటినుంచీ ఇష్టం లేదు. వాళ్ళు దాన్ని అమ్ముకోవాలి. కంపెనీ తిరిగి కొనదు. అప్పుడు వాళ్ళకు ఈ రంగస్వామి నాయుడు కావాలి. సెకండ్ హ్యాండులో సగం ధరకు, అంతకన్నా తక్కువకు కూడా వస్తుంది. నేను దీన్ని తిట్టడానికి రాయడం లేదు. తెలిసి కొన్నవాళ్ళు సుఖపడ్డారు. తెలియకుండా కొన్నవాళ్ళు నా మెట్లెక్కి వచ్చి నన్ను తిట్టారు. రెండూ చూశాను.

ఏడాదిని కంపెనీవాళ్ళు రంగులుగా పంచారు. బడి సెలవుల ఎండాకాలం ఎరుపు, అందరికీ కావాలి. చలికాలం తెలుపు. వానాకాలం నీలం, అది ఎవరికీ అక్కర్లేదు, చవక. చదువు రానివాడికి రంగులంటే దేవుడిచ్చిన అక్షరాలే అనుకున్నాను. ఈ వ్యాపారం నాకోసమే పుట్టిందని మురిసిపోయాను.

గ్రైండరు ఎక్కిన కొండ

నా మొదటి బేరాల్లో ఒక బడి పంతులు కొన్నాడు. ఫోటోలో కాటేజీ ముందు పూలు, వెనక మబ్బు. ఆయన ఏమీ అడగలేదు, నేనూ అడగలేదు. వ్యాను మాట్లాడుకుని పదకొండు మంది బయల్దేరారు. వ్యానులో బియ్యం మూట, మినప్పప్పు, దోసె పెనం, ఒక టేబుల్ టాప్ గ్రైండరు. అక్కడికి పోయి చూస్తే కాటేజీ నలుగురికి. లోపల వంట చెయ్యకూడదు. పంతులుగారి భార్య మాట వినే మనిషి కాదు. స్నానాలగది పక్కన ప్లగ్గు కనిపించింది, నానబెట్టిన పప్పు వేసి గ్రైండరు ఆన్ చేసింది. ఆ వరసలో ఉన్న కాటేజీలన్నిటికీ కరెంటు పోయింది.

తిరిగొచ్చినవాళ్ళు ఇంటికి పోలేదు. వ్యాను నేరుగా నా ఆఫీసు కింద ఆపి, గ్రైండరు దించి నా మెట్టు మీద పెట్టింది ఆమె.

"పిండి రుబ్బుకోను లేని ఇల్లు ఏమి ఇల్లు నాయుడూ? నువ్వు పోయి ఒక వారం ఆ బ్రెడ్డు తిను. తిని వచ్చి నాకు చెప్పు."

ఆ గ్రైండరు రెండు రోజులు నా మెట్టు మీదే ఉండింది. వచ్చినవాళ్ళందరూ అడిగారు, నేను అందరికీ చెప్పాను. ఆ తరవాత ఏ మెంబర్‌షిప్పు వచ్చినా నా ప్రశ్నలు తయారు. ఎంతమంది పడుకోవచ్చు, వంట చెయ్యొచ్చా, నీళ్ళు ఎప్పుడొస్తాయి, బస్సు ఎంతవరకు పోతుంది, కోతులు ఉన్నాయా. నన్ను మించిన బ్రోకరు లేడనుకున్నాను. ఒక పాఠం నేర్చుకున్నవాడికి మిగతా పాఠాలు కూడా వచ్చేసినట్టు ఉంటుంది. జాగ్రత్త.

కుప్పమ్మ అడిగింది

కుప్పమ్మ ముదలియార్‌పేటలో మెస్సు నడిపేది. మిల్లులో పనిచేసేవాళ్ళు, ఆటోవాళ్ళు అక్కడే తినేవాళ్ళు. మా తెలుగువాళ్ళే. ఐదుగురు అక్కచెల్లెళ్ళలో పెద్దది. ఆమె తరవాత వేదవల్లి, మంగ, తాయారు, ఆఖరిది ఆండాళు. తలా ఒక ఊళ్ళో ఇచ్చారు. ఆండాళు కిరుమాంబాక్కంలో సేద్యం ఇంటికి పోయింది. వాళ్ళమ్మ పోయి పదకొండేళ్ళు. వాళ్ళ తమ్ముడు ఆ పుట్టిల్లు పడగొట్టి రోడ్డు పక్కన అద్దె షాపులు కట్టాడు. అతను చెడ్డవాడేమీ కాదు. ఆ షాపుల వెనక అతనికే ఒక్క గది.

"అన్నా, పెళ్ళిళ్ళలో చూసుకుంటాము, అంతే" అంది కుప్పమ్మ. "ఒక చెల్లెలు వడ్డించేటప్పుడు నేను తింటా ఉంటా. నేను చెయ్యి కడిగి వచ్చేసరికి అది బస్సెక్కతా ఉంటాది. ఐదుగురం ఒక కప్పు కింద పండుకొని పదకొండేండ్లయింది."

"దానికి మెంబర్‌షిప్పు ఏందికిమా? ఒక వారం లాడ్జి తీసుకో."

"లాడ్జి అంటే వాళ్ళ మొగోళ్ళు 'ఈ ఏడు వొద్దు, వచ్చే ఏడు చూస్తాము' అంటారు. ప్రతి ఏడూ ఈ వారం మాది అని కాగితం ఉందనుకో, అప్పుడు ఏమంటారు? పోకుంటే నష్టం కదా. నష్టం అంటే మొగోళ్ళు పంపిస్తారు."

నా వ్యాపారం గురించి ఇంత తెలివిగా మాట్లాడినవాళ్ళను నేను అంతకు ముందు చూడలేదు, కంపెనీ మీటింగుల్లో కూడా. ఎనిమిదేళ్ళు కట్టిన చీటీ తీసి దీనికి పెడుతోంది. ఇంకోసారి పెట్టే శక్తి ఆమెకు లేదు. అడిగింది రెండే: అక్కచెల్లెళ్ళు ఐదుగురూ తమ పిల్లలతో సర్దుకునేంత చోటు, వారం మే నెలలో ఉండాలి, ఎందుకంటే పిల్లల బడి సెలవులు అప్పుడే.

సరిగ్గా ఆ వారంలోనే సొల్దా సింగారవేలు వచ్చాడు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పెన్షనుతో ఇంటికొచ్చినవాళ్ళను మా ఊళ్ళో సొల్దా అంటారు. నిటారుగా నడుస్తాడు, కూర్చోమంటే తప్ప కూర్చోడు. తన మెంబర్‌షిప్పు పత్రం నా బల్ల మీద పెట్టాడు. పత్రానికి నాలుగు పక్కలా ఎర్ర అంచు, కింద బంగారు రంగు ముద్ర. నా కంటికి ఎరుపు కనిపించింది. ఎరుపు అంటే మే.

నేను నా ప్రశ్నలన్నీ అడిగాను. రెండు గదులు, పెద్ద హాలు, వంటగది ఉంది. నీళ్ళు రోజంతా. బస్సు గేటు దాకా. కోతులు ఉన్నాయి, తలుపు వేసుకోవాలి. పద్దెనిమిదేళ్ళు మిగిలి ఉంది, అది అంకెల్లో నేనే చూశాను. నెల మాత్రం అడగలేదు. అంచు చెప్పేసింది కదా. అంత మంచి కాటేజీ, అదీ మే నెలది, అంత చవకగా ఎందుకు ఇస్తున్నాడని నా బుర్రకు తట్టాలి. తట్టలేదు. చవక అనేసరికి మనిషికి ముందు చెవులు మూసుకుంటాయి.

కుప్పమ్మకు కబురు చేశాను, మే నెలది దొరికిందని. ఆమె నలుగురు చెల్లెళ్ళకూ చెప్పింది. వాళ్ళు మొగుళ్ళకు చెప్పారు, అత్తలకు చెప్పారు. విల్లియనూరులో వేదవల్లి కొత్త స్వెట్టరు కూడా కొనేసింది.

బుధవారం

బుధవారం పగలు పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం. అందుకని పన్నెండు లోపల సంతకాలు అయిపోవాలని అందరినీ పదకొండుకు రమ్మన్నాను. మా వ్యాపారంలో అన్నీ ఇట్లాగే నడుస్తాయి. మంచి గంట దాటిపోతుందని తొందర, ఆ తొందరలో ఎవరూ చదవరు. నేను చూసిన సంతకాల్లో సగానికి సగం రాహుకాలానికి పది నిమిషాల ముందు పడినవే.

కుప్పమ్మ మెస్సు పని ఇంకొకరికి అప్పజెప్పి వచ్చింది, నాలుగు గిన్నెల క్యారియరుతో. ఆండాళు తోడొచ్చింది. సొల్దా ఇస్త్రీ చొక్కాలో వచ్చి నిలబడ్డాడు. ఇద్దరు సాక్షులు కావాలి. ఒకణ్ణి నేను, వేలిముద్ర. రెండో సాక్షికి నేను పక్క గదిలో టైప్ ఇన్‌స్టిట్యూట్ నడిపే సత్యవతమ్మను పిలిచాను. ఆమెది యానాం. యానాం కూడా మా పుదుచ్చేరి కిందిదే, కానీ ఎక్కడో గోదావరి పక్కన ఉంటుంది. ఆమె తెలుగు పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది. మొదట్లో మా తెలుగు విని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

"సంతకం పెడతానండి. చదివి పెడతాను" అంది.

"టయిము లేదుమా. పన్నెండు కొట్టేస్తాది" అన్నాను.

"అయితే వేరే సాక్షిని చూసుకోండి నాయుడు గారూ. చదవకుండా నేను మా నాన్నగారికి కూడా పెట్టలేదు."

వేరే సాక్షి ఎక్కడ దొరుకుతాడు. సరే అన్నాను. ఆమె కుర్చీ లాక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోయింది. అమ్మేవారి పేరు. కాటేజీ నంబరు. ఇంకా పద్దెనిమిదేళ్ళు. అందరం తలలూపాము. తరవాత చదివింది: "ప్రతి ఏడాది జూలై నెల, మూడో ఆదివారం మొదలు ఏడు రోజులు. నీలం కాలం."

నేను బల్ల మీదికి వంగి పత్రం అంచు మీద వేలు పెట్టాను.

"ఎరుపు అని ఉంటాది, బాగా చూడమా" అన్నాను. "అంచు ఎర్రగా ఉంది కదా."

"అంచు ఎర్రగానే ఉందండి. అది అందానికి. శుభలేఖకి పసుపు రాసినట్టు. అందరికీ అదే అంచు వేస్తారు."

ఆండాళు వేళ్ళ మీద లెక్క వేసుకుంటోంది. "జూలై మూడో ఆదివారం అంటే ఆడి పుట్టేస్తాదే అక్కా."

ఆడి అంటే మా దగ్గర జూలై సగం నుంచి ఆగస్టు సగం దాకా. ఆ నెలలో పెళ్ళి లేదు, గృహప్రవేశం లేదు, కొత్తది ఏదీ మొదలుపెట్టరు. కొత్త చోటికి పోయి పొయ్యి వెలిగించడం అసలే లేదు. నేను సొల్దా వైపు తిరిగాను.

"ఆడి అని ఒక మాట చెప్పలేదేందయ్యా?"

"నువ్వు అడగలేదే" అన్నాడు సొల్దా. కోపం లేదు, నిటారుగా నిలబడే చెప్పాడు. "వంటిల్లు అడిగినావు. కొళాయి అడిగినావు. కోతులు ఎన్ని అని గూడా అడిగినావు. నెల అడిగినావా? సైన్యంలో నాకు ముప్పై ఏండ్లు జూలైలోనే లీవు. ఆ అలవాటులో జూలై కొనేసినా. ఇంట్లో ఆమె ఆడిలో కొత్త పొయ్యి ముట్టించను పో అనింది. అందుకే అమ్ముతాండా."

అందులో అబద్ధం ఒక్కటి లేదు. మొదలాళి చెప్పినట్టు నేను ఇరవై రోజులు ఆ మొగాన్నే చూశాను.

ఇంక దాచి లాభం లేదు. "కుప్పమ్మా, తప్పు నాది" అన్నాను. "నాకు చదువు రాదు. ఎర్ర అంచు చూసి మే అనుకున్నా. ఇది నీకు వొద్దు."

"చదువు రాదా? కళ్ళజోడు పెట్టుకొని అంతసేపు చూస్తా ఉంటివే అన్నా."

"కళ్ళజోడు చూపు రావడానికిమా. అక్షరం రావడానికి కాదు."

కుప్పమ్మ పత్రం మీద చెయ్యి పెట్టింది. మే నెల వారం కావాలంటే ఎంతవుతుందని అడిగింది. చెప్పాను. ఆమె చీటీ డబ్బు దానికి సగానికి కూడా చాలదు. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇది పోతే వాళ్ళకు ఆ కప్పు ఇంక లేదు. పత్రాన్ని మెల్లగా నావైపు జరిపింది. చెయ్యి మాత్రం దాని మీదనుంచి తియ్యలేదు.

అంతలో కింద సైకిల్ షాపు రేడియోలో పన్నెండు కొట్టింది.

రాహుకాలంలో భోజనం

రాహుకాలం వచ్చాక బేరం తెంచడానికి కూడా ఎవరికీ మనసొప్పదు. మంచి పనికీ వీల్లేదు, చెడ్డ పనికీ వీల్లేదు. కుప్పమ్మ లేచింది. "అన్నం చల్లారిపోతాంది. తినండి" అని క్యారియరు విప్పింది. బాధలో కూడా ఆమె చేతికి తెలిసిన పని అదే. కాకరకాయ పులుసు, పప్పేసిన ఆకుకూర కూటు, అప్పళం. సొల్దాకు కూడా పెట్టింది. ఆయన అప్పుడు కూర్చున్నాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు.

సగం భోజనంలో ఆండాళు చెయ్యి ఆగింది.

"అక్కా, అమ్మ మనల్ని ఎప్పుడు పిలస్తా ఉండె?"

కుప్పమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "ఆడిలోనే."

పెళ్ళయిన మొదటి ఏడు ఆడిలో కూతుర్ని పుట్టింటికి పిలవడం మా దగ్గర ఆచారం. మామూలుగా ఆ ఒక్క ఏడే. వాళ్ళమ్మ మాత్రం ఐదుగురినీ తను పోయేదాకా ప్రతి ఆడికీ పిలిచేదట.

"మే నెలలో అయితే ఐదుగురం కదలగలమా?" అంది ఆండాళు. "ఎవరింట్లోనో ఒకరింట్లో పెండ్లి ఉంటాది. ఆడిలో పెండ్లిండ్లు యాడుండాయి? ఆడికి పుట్టింటికి పోవద్దు అని ఏ అత్త అంటాది?"

"పిల్లకాయలకు బడి ఉంటాదే."

"ఉంటాది."

"అయితే వాళ్ళు రారు."

"రారు."

"మొగోళ్ళు?"

"ఆడి అంటే విత్తే కాలం. మా ఆయన చేను వొదిలి గట్టు దాటడు."

అక్కచెల్లెళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. పిల్లలు రారు. మొగుళ్ళు రారు. ఐదుగురే. కుప్పమ్మ గరిటె ఉన్న చేతినే నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చీరమీద పులుసు పడింది. చూసుకోలేదు.

సొల్దా వేలు నాకుతూ అడిగాడు. "ఆడిలో కొత్త పొయ్యి ముట్టిస్తారా మీరు? మా ఆమె ముట్టించలేదే."

"కొత్త పొయ్యి ఏంది? పుట్టింటి పొయ్యి" అంది కుప్పమ్మ. "కాగితంలో పేరు మాదైతే ఇల్లు మాది. ఐదుగురం పండుకుంటే అది పుట్టిల్లే. మీ ఆమె అక్కచెల్లెండ్లను పిలుచుకొని పోయుంటే ఆమె గూడా ముట్టించుండేది."

సొల్దా దీని గురించి ఆలోచించాడు. "సరే. అక్కడ జూలైలో చలి జాస్తి. సైన్యం కంబళ్ళు రెండు ఉండాయి నా దగ్గర, అవి గూడా తీసుకోండి" అన్నాడు.

మిగతా ముగ్గురినీ అడగాలి. సత్యవతమ్మ తన ఇన్‌స్టిట్యూట్ ఫోను ఇచ్చింది. వేదవల్లి, "స్వెట్టరు కొనేసినా, ఏ నెలైతే నాకేంది" అంది. మంగ కోతుల గురించి అడిగింది, తలుపు వేసుకుంటే ఏమీ చెయ్యవని సొల్దా వెనకనుంచి అరిచి చెప్పాడు. తాయారు దగ్గరే భయం. ఆమె అత్త మాట కటువు. ఫోను ఆ అత్తే తీసింది. ఆండాళు భయపడుతూ చెప్పింది, ఆడికి అక్కను పుట్టింటికి పిలుస్తున్నామని, పుట్టిల్లు కొండమీద ఉందని. అటునుంచి వచ్చిన మాట మా అందరికీ వినపడింది.

"ఆడికి పిలవాలని పదకొండేండ్లకా బుద్ధి వచ్చింది మీకు? పంపిస్తా పో. వచ్చేటప్పుడు ఊరికే పంపద్దండి, సీర పెట్టి పంపండి."

ఒకటిన్నర దాటింది. సంతకాలకు అందరూ లేచారు. సత్యవతమ్మ లేవలేదు. "ఇంకా పేజీన్నర ఉందండి" అంది. చదివింది. ఆ పేజీన్నరలో కంపెనీ ఒప్పుకుంటేనే పేరు మారుతుందని ఉంది. ఆ ఏటి నిర్వహణ చార్జీ అమ్మేవారే కట్టి రసీదు చూపాలని ఉంది. సొల్దా దగ్గాడు. కట్టలేదు. సాయంత్రానికి కట్టి రసీదు తెస్తానన్నాడు, తెచ్చాడు కూడా. ఆ మాట కూడా నేను అడగలేదు, ఆమె చదివింది కాబట్టి తెలిసింది.

కుప్పమ్మ తమిళంలో సంతకం పెట్టింది. నేను వేలిముద్ర వేశాను. సత్యవతమ్మ నా వేలు తుడుచుకోను ఒక గుడ్డముక్క ఇచ్చి, చిన్న గొంతుతో అంది. "పొద్దున్న ఆరింటికి మా క్లాసు ఖాళీగా ఉంటుంది నాయుడు గారూ."

నేను పోలేదు. యాభై ఆరేళ్ళవాడు పలక పట్టుకుని కూర్చుంటే సైకిల్ షాపువాళ్ళు చూస్తారని సిగ్గు. జూలై ఆఖర్లో కుప్పమ్మ కొండనుంచి ఒక సంచీ బేరికాయలు తెచ్చి నా బల్ల మీద పోసింది. ఆమె మొగం ఐదేళ్ళు తగ్గింది. వాళ్ళు అక్కడ వారమంతా ఏం చేశారని అడిగితే, "పండుకున్నాము" అంది. తరవాత కంపెనీ ఉత్తరం ఒకటి తీసి, "అన్నా, ఇదేందో చదివి చెప్పు" అని నవ్వింది. ఎగతాళికే అంది. తగలాల్సిన చోట తగిలింది. మర్నాడు పొద్దున ఆరింటికి క్లాసు తలుపు తట్టాను. మొదట ఇంటి భాష అని తెలుగు, తరవాత కాగితాలకు కావాల్సినంత ఇంగ్లీషు. రెండేళ్ళు పట్టింది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు

అమ్మేవాడి చేత కాగితం చదివించకండి. కొనేవాడి చేతా వద్దు. ఆ బేరంలో ఒక్క పైసా లాభం లేని మనిషి చదవాలి. అట్లాంటి మనిషి పక్క గదిలోనే ఉంటాడు, మీరు పిలవరు, అంతే.

మెంబరు నంబరు తీసుకుని కంపెనీకి మీరే ఫోను చెయ్యండి. ఏ వారం, ఎన్నేళ్ళు మిగిలింది, ఏటా కట్టాల్సింది కట్టారా, రెండో మనిషి పేరుకు మారుస్తారా. మొదట కొన్నవాడికి వేరే ఊళ్ళ కాటేజీలకు మార్చుకునే వీలు ఉంటుంది, రెండోవాడికి చాలాచోట్ల ఉండదు. అది అమ్మేవాడు చెప్పడు. సొల్దా లాంటి నిజాయితీపరుడు కూడా చెప్పడు, అడగలేదు కాబట్టి.

"మీ మెంబర్‌షిప్పు కొనేవాడు రెడీగా ఉన్నాడు, ముందు ఫీజు పంపండి" అని ఫోను చేసేవాళ్ళు దొంగలు. వాళ్ళ దగ్గర కొనేవాడూ ఉండడు, ఆఫీసూ ఉండదు. ముందు ఫీజు అడిగినవాడి ఫోను పెట్టేసి వెళ్ళి కాఫీ తాగండి.

రాహుకాలం చూసుకోండి, నేనూ చూస్తాను. కాని అది గంటన్నరలో పోతుంది. కాగితం పద్దెనిమిదేళ్ళు ఉంటుంది. దేనికి ఎక్కువ భయపడాలో మీరే తేల్చుకోండి.

ఇంకొకటి. ఫోటో చూసి మురిసిపోయేవాడికి అమ్మకండి. ప్రతి ఏడూ పోవడానికి ఒక కారణం ఉన్నవాడికి అమ్మండి. నేను అమ్మిన వాటిలో సగం ఇప్పుడు మళ్ళీ అమ్మకానికి తిరుగుతున్నాయి. కుప్పమ్మ వారం ఎవరూ కొనలేరు. నాలుగు ఆడి నెలలు గడిచాయి, నాలుగుసార్లూ పోయారు. పోయిన ఏడు ఆరుగురు పోయారు. సొల్దా భార్యను కూడా తీసుకుపోయారు. ఆమె అక్కడ పొయ్యి ముట్టించిందట.

నేను పోయిన ఏడు ఆఫీసు మూసేశాను. ఆ సైకిల్ షాపు మేడ ఇప్పుడు మొత్తం టైప్ ఇన్‌స్టిట్యూటే.

ఆ బుధవారం ఆ గదిలో ఉన్నవాళ్ళు వీళ్ళు. కొన్న మనిషి కుప్పమ్మ. ఆమె ఆఖరి చెల్లెలు ఆండాళు. అమ్మిన మనిషి సొల్దా సింగారవేలు. చదివిన మనిషి, యానాం సత్యవతమ్మ. ఫోనులో వేదవల్లి, మంగ. తాయారు ఆ పూట బావి దగ్గర ఉంది, ఆమె బదులు ఆమె అత్త. అత్త పేరు ఆ రోజు ఎవరూ అడగలేదు. ఇది రాయడం కోసం మొన్న బస్సెక్కి పోయి అడిగి వచ్చాను. చెంగమ్మ.

ఇంక నేను. ఆ పత్రంలో నా చోట నల్లటి వేలిముద్ర ఉంటుంది, కావాలంటే చూడండి. ఇందులో రాస్తున్నాను. వి. రంగస్వామి నాయుడు.